మనసు బాగోలేనప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? బరంపురం తెలుగు వీధుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు మీరెవరు? డాక్టర్లా?

కాదండీ. మాలో ఒక్క డాక్టరూ లేరు. ఒకాయన రిటైరైన టీచరు, ఇద్దరు అప్పడాలు వత్తే వాళ్ళు, ఒకాయన పట్టు మగ్గం నేసి నేసి కళ్ళు కనపడక మానేసినాయన, ఒక ఆశా వర్కర్, ఒక డిగ్రీ కుర్రాడు, ఇలా తొమ్మిదీ పది మందిమి. ఒడిశాలో ఉన్న మన బరంపురం పాత వీధుల్లో ఇళ్ళ ముందు పొడుగు అరుగులు ఉంటాయి కదా, మన ఒడియా ఇరుగుపొరుగు పిండా అంటారే, అలాంటి ఒక అరుగు మీద ప్రతి మంగళవారం సాయంత్రం కూర్చుంటాం, అంతే. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, మాట్లాడకుండా టీ తాగి వెళ్ళిపోవచ్చు. వచ్చినవాళ్ళు అడిగిందే అడుగుతుంటే ఒకచోట రాసిపెట్టేస్తే పోలా అనుకుని ఇది మొదలెట్టాం. రాసింది ఒకరే కాబట్టి కొన్ని చోట్ల సోది ఎక్కువుంటుంది, ఓపిక పట్టండి.

మానసిక ఆరోగ్యం అంటే పిచ్చి గురించేనా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ఎదురు ప్రశ్న వేస్తాను, ఒంటి ఆరోగ్యం అంటే క్యాన్సర్ గురించేనా అని. జలుబుంది, నడుం నొప్పుంది, షుగరుంది, అలాగే మనసుకీ బెంగ ఉంటుంది, దిగులుంటుంది, గాబరా ఉంటుంది, నిద్ర పట్టకపోవడం ఉంటుంది, వీటిల్లో చాలావాటికి ఆసుపత్రి కూడా అక్కర్లేదు. కొన్నిటికి కావాలి. ఏది ఏదో తెలుసుకోవడమే సగం పని.

నాకు రోజూ దిగులుగా ఉంటోంది. ఇది మామూలు దిగులా, జబ్బా?

మేం వాడే లెక్క రెండు వారాలు, డాక్టర్లు వాడేదీ దగ్గర దగ్గర అదే. రెండు వారాలు దాటి దాదాపు రోజంతా మనసు మబ్బు పట్టినట్టుండి, ఇదివరకు ఇష్టమైనవి కూడా చేదైపోయి, నిద్ర తగ్గడమో మరీ ఎక్కువైపోవడమో, తిండి సహించకపోవడం, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం, నేను దేనికీ పనికిరాను అనిపించడం, ఇవి నాలుగైదు కలిసొస్తే డాక్టరుకి చూపించుకోవాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. మనవాళ్ళు దిగులు అని చెప్పరు. తల బరువంటారు, ఒళ్ళంతా మంటలంటారు, గ్యాస్ పట్టేసిందంటారు, నరాల బలహీనత అంటారు. మా వీధిలో ఒక పెద్దావిడ ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రలు మింగింది, చివరికి చూస్తే గ్యాసూ లేదు ఏమీ లేదు, చిన్న కొడుకు మాట్లాడటం మానేశాడు, అదీ సంగతి.

అలాగని ప్రతిదీ మనసు మీదకి తోసెయ్యకండి. థైరాయిడ్ తక్కువున్నా, రక్తం తక్కువున్నా, బి12 తక్కువున్నా మనిషి అలాగే డీలా పడిపోతాడు. రక్తపరీక్ష చేయించుకోండి.

ఫైలిన్ తుఫాను వచ్చి ఇన్నేళ్ళయింది. గాలి వీస్తే మా అమ్మ ఇప్పటికీ వణికిపోతుంది. ఇదేం జబ్బు?

ఇది మా ఇంటి ప్రశ్న కూడా, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ ఏడు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది పోయారు కాబట్టి ఈసారి ఎవరూ చాన్స్ తీసుకోలేదు, ప్రాణాలు దక్కాయి. మరుసటి ఏడు మళ్ళీ అదే అక్టోబర్ 12న విశాఖలో హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11 తెల్లారుజామున పలాస దగ్గర తిత్లీ, దాని వానకి గజపతి జిల్లాలో కొండ చరియలు విరిగిపడ్డాయి. అన్నీ అక్టోబరే చూడండి. అందుకే ఇక్కడ మనకి అక్టోబర్ అంటే దసరా పప్పలకన్నా ముందు వాతావరణం వార్తలు. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కూడా అక్టోబర్ 10, ఎవరు పెట్టారో గానీ మన కోసమే పెట్టినట్టుంటుంది నాకు.

ఫైలిన్ తర్వాత మా అమ్మ రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, నాన్న ఫోటో అన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, దారం చుట్టి తలగడ కింద పెట్టుకునేది. మామూలు ఈదురుగాలి వచ్చినా లేచి ఆ కవర్ ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చునేది. నేను ఏమనేదాన్నంటే, "ఎందుకమ్మా భయం, మేం లేమా, అయిపోయింది కదా" అనేదాన్ని. రోజూ అదే మాట. ఒకరోజు కోపం వచ్చి ఆ కవర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను కూడా. ఆ రాత్రి అమ్మ బీరువా ముందు కూర్చుంది. అలా చెయ్యకూడదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మార్పు తెచ్చింది ఎవరయ్యా అంటే పక్కింటి పిన్ని. ఆవిడ ధైర్యం ఏమీ చెప్పలేదు. గాలి మొదలైతే చాలు ఒక చేట, రెండు కేజీల చింతపండు పట్టుకుని వచ్చేసేది, "వదినా, పిక్కలు తియ్యాలి, ఒక్కదానివల్లా అవ్వట్లేదు" అని. ఇద్దరూ పిక్కలు తీస్తా ఆ రాత్రి ఎలా గడిచిందో, ఎవరింటి రేకు ఎగిరి ఎవరి చెట్టు మీద పడిందో చెప్పుకునేవాళ్ళు. అమ్మ మొదట ఆ రాత్రి గురించి మాట్లాడింది నాతో కాదు, ఆ చేట దగ్గర. కవర్ ఇప్పటికీ ఉంది, తలగడ కింద కాదు, దేవుడి గూట్లో. పోవాలని నేనూ అనుకోవట్లేదు. తుఫాను దేశంలో ఉన్నవాళ్ళం, కాగితాలు ఒకచోట ఉంచుకోవడం మంచిదే కదా.

పెద్ద విపత్తు తర్వాత చాలామందికి కొన్ని వారాలు పీడకలలు, ఉలికిపాటు ఉంటాయి, వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా అదే రాత్రి మళ్ళీ జరుగుతున్నట్టు కళ్ళముందు కనపడుతుంటే, బయటికి వెళ్ళడం మానేస్తే, దానికి చికిత్స ఉంది, ఏళ్ళు గడిచినా పనిచేస్తుంది, తీసుకెళ్ళండి.

బాధలో ఉన్న మనిషికి ఏం చెప్పాలి?

తక్కువ చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రథమ చికిత్స లాంటిదే మనసుకి ఒకటి రాసింది, దాని సారం మూడు ముక్కలు: చూడు, విను, కలుపు. చూడటమంటే మనిషికి ఇప్పుడు ఏం కావాలో చూడటం, నీళ్ళా, దుప్పటా, ఫోన్ ఛార్జింగా. వినడమంటే మధ్యలో మన కథ దూర్చకుండా వినడం, ఇది మనవాళ్ళకి మహా కష్టం, "నీకే కాదే, మా మేనత్తకైతే ఇంతకన్నా" అని మొదలెట్టేస్తాం. కలపడమంటే సాయం చేసేవాళ్ళ దగ్గరికి చేర్చడం.

అనకూడని మాటలు మేం ఒక అట్ట మీద రాసి పెట్టుకున్నాం: ధైర్యంగా ఉండు. అంతా మన మంచికే. నీకేం తక్కువ. దేవుణ్ణి నమ్ముకో. పిల్లల మొహం చూసైనా ఉండు. ఇవన్నీ మనం ప్రేమతోనే అంటాం, కానీ అవతలి మనిషికి నోరు మూసుకో అన్నట్టు వినపడతాయి. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగి ఊరుకుంటే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు.

ఎవరైనా "చచ్చిపోవాలనుంది" అంటే? అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. ఈ భయం అందరికీ ఉంది, కానీ అడిగితే ఆలోచన పుట్టదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. సూటిగానే అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని, మెత్తగా, ఎవరూ లేనప్పుడు. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఎవరికీ చెప్పనని మీరు మాట ఇవ్వొద్దు. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పొలం మందులు, మాత్రలు ఉంటే ఆ రోజే వేరే వాళ్ళింట్లో పెట్టి తాళం వేయించండి, ఆ గడియ దాటితే మనిషి బతుకుతాడు, గడియ దాటించడమే మన పని. 14416కి ఫోన్ చెయ్యండి, అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలెట్టిన టెలి మానస్, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఉంది. ప్రాణం మీదకి వస్తే 112, లేదా నేరుగా క్యాజువాల్టీ.

ఆత్మహత్యకి ప్రయత్నిస్తే పోలీసు కేసు అవుతుందని దాచిపెడుతున్నారు. నిజంగా అవుతుందా?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 115వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు, పైగా వాళ్ళకి వైద్యం, సంరక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ ప్రయత్నాన్ని నేరం అన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా పోయింది, ప్రభుత్వ ఉద్యోగిని పని చెయ్యకుండా బలవంతపెట్టడానికి చేస్తే మాత్రమే వేరే సెక్షనుంది. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి కబురు పెట్టి పేరూ ఊరూ రాసుకుంటే కంగారు పడకండి, అది వాళ్ళ పద్ధతి. దాచిపెట్టి ఇంట్లో పసరు తాగించడం వల్ల పోయే ప్రాణం సంగతి చూడండి ముందు.

డాక్టర్ ఒడియాలో అడుగుతారు. నా బాధ తెలుగులో ఉంది. ఎలా చెప్పాలి?

ఈ సరిహద్దులో మన అసలు సమస్య ఇదేనని నా నమ్మకం. బజార్లో, బస్సులో, ఆఫీసులో మనకి ఒడియా వచ్చు, బేరం ఆడగలం, పోట్లాడగలం. ఏడవటం మాత్రం తెలుగులోనే వస్తుంది. ఓపీలో డాక్టర్ "నిదొ హెఉచి కి? భోకొ హెఉచి కి?" అని అడిగితే నిద్ర గురించీ ఆకలి గురించీ చెప్పేస్తాం, బయటికి వచ్చేస్తాం, అసలుది లోపలే ఉండిపోతుంది. బెంగ అనే మాటని ఒడియాలో ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు. చింత అంటే సరిపోదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మా దూరపు చుట్టం ఒకావిడని తీసుకెళ్ళి నేనే మధ్యలో నిలబడి చెప్తున్నాను. ఆవిడ "గుండెల్లో ఎవరో రోకలి పెట్టి దంచుతున్నట్టుందమ్మా, నాలో నేను లేను" అంది. నేను తొందరలో గుండె నొప్పి అంటోంది అని ఒడియాలో చెప్పేశాను. వెంటనే ఈసీజీకి పంపారు, నార్మల్ వచ్చింది, గుండె బాగుందని ఇంటికి పంపారు. "నాలో నేను లేను" అన్నదే అసలు మాట, దాన్ని నేను మింగేశాను. మళ్ళీ ఆసుపత్రికి రావడానికి ఆవిడకి నాలుగు నెలలు పట్టింది. డాక్టరుది తప్పేమీ లేదు, నాదే.

అప్పట్నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు రోజు సాయంత్రం మనిషితో కూర్చుని తెలుగులో చెప్పింది చెప్పినట్టు రాస్తాం, రోకలి అంటే రోకలి అనే. కింద ఒడియాలో మా పక్కింటి నానా (ఒడియాలో అన్న) రాసిపెడతాడు, ఎప్పట్నుంచి, నిద్ర, తిండి, ఇదివరకు వాడిన మాత్రలు, ఫిట్స్ ఉన్నాయా, తాగుడు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా. ఒక్క కాగితం. డాక్టర్లకి ఇది చాలా నచ్చుతుంది, వాళ్ళకి ఒక్కో మనిషికి ఉన్న టైమే తక్కువ.

మన పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవర తెగ పిల్లలకి చదువు సవర భాషలోనే చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, తర్వాత వాడుక తెలుగు కోసం పోట్లాడారు. మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని ఆయన అన్నది మందుకి కూడా వర్తిస్తుందని మా టీచర్ గారు ప్రతి వారం అంటారు, ఇప్పుడు నేనూ అంటున్నాను.

ఎక్కడికి వెళ్ళాలి?

బరంపురం చుట్టుపక్కల వాళ్ళకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ కౌంటర్లో మందులు ఉచితం, చీటీ పోగొట్టుకోకండి. తెలుగులోనే మాట్లాడాలి అనుకునేవాళ్ళు విశాఖ చినవాల్తేరులో ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్తారు, రైల్లో నాలుగైదు గంటలు, ఒకరోజు కూలి పోతుంది, ప్రతి నెలా వెళ్ళగలరా అని ముందే ఆలోచించుకోండి. మేమైతే మొదటిసారి ఎక్కడైనా చూపించుకోండి, నెల నెలా మందులకి దగ్గర్లోనే వెళ్ళండి అంటాం. ఒడిశాలో పెద్ద మానసిక వైద్య కేంద్రం కటక్ ఎస్‌సీబీ మెడికల్ కాలేజీలో ఉంది, ఇక్కడి డాక్టర్ రాసిస్తే అక్కడికి.

ఆ మాత్రలు మొదలెడితే జీవితాంతం వాడాలంట కదా? అలవాటైపోతాయంట?

రెండు రకాలు కలిపేసి మాట్లాడుతున్నారు. దిగులు తగ్గడానికి ఇచ్చేవి మత్తు మందులు కావు, వ్యసనం కావు, కానీ పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, చాలామంది పదో రోజున "ఏం లాభం లేదు" అని పారేస్తారు. బాగైపోయాక కూడా ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో వాడమంటారు, మానేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. కొన్ని జబ్బులకి మాత్రం నిజంగానే ఏళ్ళ తరబడి వాడాలి, బీపీకి వాడట్లేదా.

అలవాటు పడేవి వేరే ఉన్నాయి, నిద్రకీ గాబరాకీ కొద్ది రోజుల కోసం రాసేవి. ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్ళి "అదే స్ట్రిప్ ఇవ్వు బాబూ" అని ఏళ్ళ తరబడి కొనుక్కుంటున్నారే, అవీ. మా వీధిలోనే ముగ్గురున్నారు. సడన్‌గా ఆపితే ప్రమాదం, అదీ డాక్టర్ దగ్గరే తగ్గించుకోవాలి.

మా వాళ్ళు గాలి సోకింది, చిల్లంగి (చేతబడి) పెట్టారు అంటున్నారు. గుణియా (మంత్రగాడు) దగ్గరికి తీసుకెళ్ళొచ్చా?

మేం ఎవరి నమ్మకంతోనూ తగువు పెట్టుకోం, పెట్టుకుంటే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. అమ్మవారికి మొక్కుకోండి, తాయెత్తు కట్టుకోండి, దానితోపాటు ఆసుపత్రికి కూడా రండి అంటాం, రెండూ ఒకేరోజు పెట్టుకున్నా సరే. కానీ మూడు విషయాల్లో ఒప్పుకోం. కొట్టడం, వాతలు పెట్టడం, గొలుసు వెయ్యడం. గొలుసు వెయ్యడం చట్టప్రకారం నిషేధం కూడా. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర షెడ్డులో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పరిగెత్తలేక కాలిపోయారు. ఆ సంగతి చెప్పాక ఒక ఇంట్లో ఆ రాత్రే గొలుసు తీసేశారు.

చిల్లంగి పేరు చెప్పి ఊళ్ళో ఎవరో ముసలమ్మ మీద అనుమానం పెట్టడం ఇంకా ఘోరం. ఒడిశాలో మంత్రగత్తె ముద్ర వెయ్యడం మీద 2013 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. అంతదాకా రానివ్వకండి.

మా ఆయన సూరత్‌లో మగ్గాల మీద పని చేస్తాడు. ఫోన్లో మాట్లాడితే కసురుతాడు, లేదా ఏమీ మాట్లాడడు.

గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి పోయినవాళ్ళు ఎంతమందో మన వీధుల్లో తలుపులు లెక్కపెడితేనే తెలుస్తుంది. 12 గంటల షిఫ్టు, చెవులు గింగురుమనే శబ్దం, ఒకరు లేచిన చాప మీదే ఇంకొకరు పడుకోవడం. ఆ శబ్దంలోంచి బయటికి వచ్చిన మనిషికి మాట రాదు, ఇది మా అరుగు మీదకి తిరిగొచ్చినవాళ్ళు చెప్పిందే. 2020లో కోవిడ్‌కి వెనక్కొచ్చి ఊరి బడిలో క్వారంటైన్‌లో ఉన్నప్పుడు సొంత ఊరివాళ్ళే దూరం నుంచి చూసిన చూపు కొందరు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఫోన్ చేసినప్పుడు మొదటి మాట డబ్బు గురించి, బిల్లు గురించి అవ్వకుండా చూడండమ్మా. తిన్నావా కూడా కాదు, అది అందరూ అడుగుతారు. "ఈ రోజు పొద్దున్న ఏం కూర వండారు మీ మెస్‌లో" లాంటిది అడగండి, జవాబు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మీరు కూడా ఊళ్ళో జరిగింది చెప్పండి, ఆవు ఈనింది, ఎవరింట్లో పోట్లాట, ఏదైనా. ఇంటి మనిషిలా ఉండనివ్వాలి, ఏటీఎం మిషన్‌లా కాదు. ఇంటి దగ్గర మీరు ఒక్కరే అత్తగారితో పిల్లలతో మోస్తున్నది కూడా తక్కువేం కాదు, మంగళవారం మీరే రండి.

తాగుడు ఈరోజే మానిపించేస్తాం అని గదిలో పెట్టి తాళం వేశారు. మంచిదేనా?

వెంటనే తలుపు తీయండి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనపడటం రావొచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. ఆసుపత్రిలో మందులిచ్చి మానిపిస్తారు. మానేశాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలి అన్నది ఆలోచించండి, ఇంతకాలం ఆ మూడు గంటలకీ దుకాణమే ఇల్లు కదా.

బాలింత ఊరికే ఏడుస్తోంది, బిడ్డని ఎత్తుకోనంటోంది. గారాబమా?

ప్రసవం తర్వాత మొదటి వారం పదిరోజులు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, పోతుంది. రెండు వారాలు దాటితే చూపించాలి. కానీ నిద్రే పోకుండా అసంబద్ధంగా మాట్లాడటం, ఎవరో బిడ్డని చంపేస్తారని భయం, చెవిలో మాటలు వినపడటం ఉంటే అదే రోజు ఆసుపత్రి, రేపు అనొద్దు. బాలింత వాతం అని గదిలో పొగ వేసి తలుపులు మూసి కూర్చోవద్దు. ఆశా అక్కకి చెప్తే 108లో తీసుకెళ్తుంది.

పిల్లలకి మార్కుల టెన్షన్?

రిజల్ట్ రోజు వాట్సాప్ స్టేటస్‌లో పక్కింటి పిల్ల మార్కులు పెట్టి మీ పిల్లకి చూపించకండి, సగం సమస్య పోతుంది. పిల్ల గదిలోంచి రాకపోతే తలుపు కొట్టండి. పిల్లలకి వేరే నంబర్ 1098.

మా నాన్నకి మరపు వచ్చింది, వయసే కదా?

తాళం ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వయసు. తాళం దేనికో మర్చిపోవడం చూపించుకోవలసిన సంగతి.

ఇంట్లో మనిషి పోయి రెండు నెలలైంది. ఇంకా ఎందుకు ఇలా ఉన్నాను?

రెండు నెలలు ఎక్కువ కాదు. మనవాళ్ళలో ఒక మంచి ఏర్పాటు ఉంది, పెద్దకర్మ అయ్యేదాకా ఇల్లు ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు వంట తెస్తారు, రాత్రి పడుకుంటారు. కర్మ అయిన మర్నాడు అందరూ ఒకేసారి మాయమైపోతారు, అసలు బరువు అప్పుడు మొదలవుతుంది. మేం ఒక కేలండర్ పెట్టుకున్నాం, వీధిలో ఎవరైనా పోతే నెల తర్వాత ఒక తేదీ, మూడు నెలల తర్వాత ఒక తేదీ, మొదటి సంక్రాంతికి ముందు రోజు, ఈ మూడు గుండ్రంగా చుట్టి ఆ రోజు ఇద్దరం వెళ్తాం. పోయినవాళ్ళ పేరెత్తి మాట్లాడతాం. చాలా ఇళ్ళల్లో బాధపడతారని పేరే ఎత్తరు, వాళ్ళకి కావలసింది అదే.

భజన, యోగా, ఠాకురాణి జాతర ఇవన్నీ ఉన్నాయి కదా, మళ్ళీ ఈ అరుగు ఎందుకు?

అవి మంచివే. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతర వస్తే మన దేరా (నేతవాళ్ళ) వీధుల్లో జనం మొక్కులకి వేషాలు కట్టి తిరుగుతుంటే ఆ నెల రోజులూ సగం మంది రోగాలు పోయినట్టే ఉంటాయి. నవ్వులాట కాదు, నలుగురితో కలిసి ఆడటం పాడటం మనసుకి మందే. కానీ జాతరకి రాగలిగినవాళ్ళే వస్తారు. ఎవరు రాలేదో చూడమంటాం మేం మా కుర్రాళ్ళని, పోయినసారి పులివేషం కట్టినోడు ఈసారి గడప దాటలేదంటే ఆ ఇంటికి వెళ్ళాలి.

అరుగు ఆలోచన మాదే అనుకునేవాళ్ళం, తర్వాత తెలిసింది జింబాబ్వేలో ఒక సైకియాట్రిస్ట్, డిక్సన్ చిబాండా అని, 2006 నుంచి నాయనమ్మలకి ట్రైనింగ్ ఇచ్చి క్లినిక్ బయట చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడంట, జనం వచ్చి వాళ్ళతో చెప్పుకుంటారు, దాని మీద చేసిన పరీక్షలో దిగులు తగ్గినట్టు 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది కూడా. గోవాలో సంగత్ అనే సంస్థ వాళ్ళు కూడా డాక్టర్లు కాని మామూలు మనుషులకి నేర్పించి ఇలాంటి పని చేశారు. మా పెద్దావిడకి ఇది చెప్తే "మరేటి, ముసలోళ్ళకి అక్కడైనా పని దొరికింది" అంది.

నలుగురికీ తెలిస్తే అమ్మాయికి సంబంధాలు రావు. ఎలా?

ఈ భయం ఉత్తది అని చెప్పను, మన దగ్గర నిజంగానే జరుగుతుంది. చట్టప్రకారం మీ వైద్యం వివరాలు మీ గోప్యం, ఆసుపత్రి బయటపెట్టకూడదు. మా అరుగు మీద విన్నది అరుగు దిగకూడదు, ఒకసారి మాలో ఒకరు నోరు జారారు, ఆయన్ని రావద్దన్నాం, బాధగానే ఉంది కానీ తప్పలేదు. అందరిముందూ కూర్చోవడం ఇష్టం లేకపోతే ఆశా అక్క ఇంటికే వస్తుంది, బీపీ చూడ్డానికి వచ్చినట్టు. ఇంకోటి, ఇన్సూరెన్స్ ఉంటే మానసిక జబ్బుకి కూడా కవర్ ఇవ్వాలని అదే 2017 చట్టంలో ఉంది, అడగండి.

మా ఊళ్ళో కూడా మొదలుపెట్టాలంటే? మాది రాయగడ వైపు.

డబ్బు వసూలు చెయ్యొద్దు, బ్యానర్ కట్టొద్దు, ప్రారంభోత్సవానికి ఎవర్నీ పిలవొద్దు. మేం మొదట బ్యానర్ కట్టాం, మానసిక ఆరోగ్య కేంద్రం అని పెద్ద అక్షరాలతో, మూడు వారాలు ఒక్కరు రాలేదు, ఎవరొస్తారు చెప్పండి. బ్యానర్ తీసేసి టీ పెట్టాం, వచ్చారు. ఒకే రోజు, ఒకే టైము, వానొచ్చినా పండగొచ్చినా ఇద్దరైనా అక్కడ ఉండాలి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి డాక్టర్ ఏ రోజు ఓపీ చూస్తారో, బస్సు ఎన్నింటికో రాసి పెట్టుకోండి. సవర, కువి లాంటి గిరిజన భాషలు మాట్లాడేవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే వాళ్ళలోంచి ఒకరు మొదటి రోజు నుంచీ ఉండాలి, తర్వాత చేరుద్దాం అంటే ఎప్పటికీ చేరరు.

ఇవన్నీ వింటూ మీరు అలిసిపోరా?

పోతాం. ఒకరి వెంట వరుసగా నాలుగు వారాలు తిరిగితే ఐదో వారం సెలవు అని రూల్ పెట్టుకున్నాం, పాటించేది తక్కువ. మగ్గం నేసినాయన మాత్రం పాటిస్తాడు, ఆ వారం గోపాల్‌పూర్ వెళ్ళి నోలియా వాళ్ళు వల లాగుతుంటే చూస్తూ కూర్చుని చేపలు కొనుక్కుని వస్తాడు.

రావాలంటే ఏం తేవాలి?

ఏమీ వద్దు. పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు ఉంటే తెచ్చుకోండి, పేర్లు చెప్పక్కర్లేదు చూపిస్తే చాలు. మంగళవారం ఐదున్నర నుంచి ఉంటాం, టీ ఆరింటికి. వర్షం పడితే అరుగు మీద జల్లు కొడుతుంది, తలుపు తోసుకుని లోపలికి వచ్చెయ్యండి, గడియ వెయ్యం.